కాసేపట్లో నిన్ను పిలుస్తారు

మొదటిసారా?
ఆ ఫారం పట్టుకున్న తీరులోనే తెలుస్తోంది.
సున్నా నుంచి మూడు దాకా అంకెలు వెయ్యాలి.
మొదటిరోజు నేను అన్నిటికీ ఒకటే వేశాను,
పక్కింటివాళ్ళు అడిగితే "బాగానే ఉన్నాం" అన్నట్టు.
అతను చూసి ఏమీ అనలేదు.
పెన్ను మళ్ళీ నా వైపు జరిపాడు.

పేరు కోలమ్. మా చిన్నవాడికన్నా చిన్న.
పడుకోబెట్టే సోఫా ఉంటుందనుకున్నా. లేదు.
రెండు కుర్చీలు, ఒక తెల్లబోర్డు,
కింద మందుల షాపు, బయట మన డండీ వాన.
మా అమ్మ గురించి తవ్వుతాడని సిద్ధపడి వచ్చాను.
అతనడిగింది, పోయిన మంగళవారం రాత్రి
పదకొండుంపావుకి ఏం జరిగిందని.

ఇరవై రెండో నంబరు బస్సు నాది. ఇరవై ఆరేళ్ళుగా.
చక్రం కింద గతుకు తగిలితే అది గతుకేనని
ఇరవై నాలుగేళ్ళు నమ్మాను.
ఒక రాత్రి నమ్మలేదు.
డ్యూటీ దిగి, కారు తీసి, వచ్చిన దారంతా మళ్ళీ వెళ్ళాను,
ఎవరైనా పడి ఉన్నారేమోనని.
ఒక చెత్తసంచి. ఒక నక్క.
ఇంటికొచ్చి బూట్లు విప్పాక:
నక్క అక్కడ దేన్ని వాసన చూస్తోంది?
మళ్ళీ వెళ్ళాను.

అలా రెండేళ్ళు.
పెట్రోలు ఖర్చు చూసి మా డూగీ
నాకింకెవరో ఉన్నారనుకున్నాడు.
ఉన్నా బాగుండేది.
ఎవరు దొంగ అన్నా భుజాలు తడుముకునే రకం అయిపోయాను.
రేడియోలో ప్రమాదం అంటే,
అది ఇన్వర్నెస్‌లో అయినా సరే,
వెళ్ళి నా బంపరు నిమిరి చూసుకునేదాన్ని.

కోలమ్ బోర్డు మీద గుండ్రంగా గీశాడు.
గతుకు. చంపేశానన్న తలపు. గుండెదడ.
వెనక్కి తిరగడం. కాస్త ఊరట.
ఊరట నుంచి బాణం తిన్నగా మళ్ళీ గతుక్కే.
"బస్సు రూటులా ఉంది" అన్నాను.
"ఆఖరి స్టాపు లేదు" అన్నాడు.
రుమాళ్ళ డబ్బా కిటికీ పక్కన ఉంటుంది. మొహమాటపడకు.

హోంవర్కు ఇస్తాడు. నవ్వకు.
తలపు రాయాలి, ఎంత నమ్మకమో నూటికి ఇన్నని వెయ్యాలి,
రుజువులు రాయాలి.
తొంభై వేశాను.
రుజువుల గడిలో రాయడానికి దొరికింది ఒక్కటే:
భయమేసింది.

అయిదో వారం కష్టం. ముందే చెబుతున్నా.
"వెనక్కి వెళ్ళకు. వంటింట్లో కూర్చో.
పది నిమిషాలకోసారి భయానికి అంకె వెయ్యి."
"ఎవర్నీ గుద్దలేదు కదా నేను?" అనడిగాను.
"నాకు తెలీదు" అన్నాడు.
ఒక్క మాట! అంటే ఏం పోయింది?
వారమంతా అతన్ని తిట్టుకున్నాను.
తొంభై అయిదు. తొంభై అయిదు. తొంభై ఎనిమిది.
తాళంచెవి డూగీ తలగడ కింద.
ఫ్రిజ్ గురగుర.
రెండింటికి అరవై.
మూడింటికి ఆకలేసింది,
నిలబడే రొట్టె తిన్నాను, జామ్ కూడా లేకుండా.
ఏ పోలీసూ రాలేదు.
అసలు సంగతి అది కాదంటాడు కోలమ్:
రాడని తెలియకుండానే
ఆ రొట్టె తినగలిగావు కదా, అది.

ఇవాళ పదకొండోసారి. పన్నెండుతో ఆఖరు.
నయమైందా అంటే,
పోయిన గురువారం వెళ్ళాను, ఒక్కసారి.
సగం దారిలో కారాపి కూర్చుని ఇంటికొచ్చేశాను.
దానికి ఏ అంకె వెయ్యాలో ఫారంలో లేదు.

నా పేరు సెంగా.
ఆగ్నెస్‌ని చివర్నుంచి మొదటికి రాస్తే వచ్చే పేరు.
వెనక్కి నడవడం నాకు బారసాలనాడే అంటగట్టారు,
ఏం చేస్తాం.

అదిగో, పిలుస్తున్నారు. నిన్నే.
అన్నిటికీ ఒకట్లు వెయ్యకు.
ఇంటికి ఇరవై రెండులో వెళ్తావా?
సాయంత్రం నేనే ఉంటాను.
హిల్‌టౌన్ మలుపులో ఒక గతుకుంది.
అది తగిలినప్పుడు
అద్దంలో నా మొహం వైపు మాత్రం చూడకు.