పిడికెడు

చీమకుర్తి క్వారీలో నల్లరాయి కోస్తే
లోపలంతా చుక్కలు.
ఆ చుక్కలకి రేటు కట్టి
రెండు లారీలు కొన్నా, ఒంగోల్లో మేడ లేపా.
నిద్ర మాత్రం
అడుగెంతో ఎవరూ చెప్పలేదు.

మేనత్త దీవెనమ్మ ఎసరు పెట్టినప్పుడల్లా
పిడికెడు బియ్యం తీసి
పాత డాల్డా డబ్బాలో వేసేది, దేవుడికని.
ఉన్నదే సోలెడు,
అందులో ఆయనకి వాటా ఏందత్తా, అని నవ్వేవాణ్ణి.

ఆమెని సమాధి చేసిన వారం
రేకుల చర్చికి ఆ డబ్బా నేనే మోశా.
పాస్టరమ్మ గోనెలోకి వంచింది.
జలజలా, ఇంకా జలజలా...
ఎవరింటికో రాత్రి కూడు.

ఇప్పుడు ఎసరు నేనే పెడతా.
పిడికిలి మూస్తే
వేళ్ళ సందుల్లోంచి కొన్ని గింజలు జారతాయి.
ఏరి మళ్ళీ డబ్బాలోనే వేస్తా.
రాతిదుమ్ము గొంతుతో స్తోత్రమంటా.

బయట రాత్రి,
ఎవరూ కోయని నల్లరాయి.
నిద్రొస్తోంది.