ఏడు డిగ్రీలు

మా నాన్న కోటుకి కొమ్ము గుండీలు.
బూట్లకి చెక్క చీలలు.
పొగాకు సంచీ తోలుది.
షెట్లాండ్ దీవుల్లో అదో వేళాకోళం:
లౌరీ హాల్‌క్రోకి ఇనుమంటే పడదు.

కిటికీ గూట్లో ఉండేది ఆ దిక్సూచి.
చిన్న బిందెంత ఇత్తడి పెట్టె,
పక్కనే బుడ్డి దీపం పెట్టే అర,
గాజు కింద సారాయి,
సారాయిలో తేలే దిక్కుల బిళ్ళ,
బిళ్ళ మీద ఒక గాలిబుడగ.
బుడగ ఎలా వచ్చిందని అడిగితే
"ఎవరో ఒక గుక్క తాగారు" అనేవాడు.
నేను నవ్వేదాన్ని.

ఓడ మునిగింది నలభై రెండు మార్చిలో.
పడవలో తొమ్మిది మంది.
ఐదో రోజుకి నీళ్ళ పీపా అడుగంటింది.
ఆరో రాత్రి కుర్ర వంటవాడు అల్బన్
గాజు కిందికి చూస్తూ పెదాలు తడుపుకున్నాడట.
తడపడానికేముంది, నాలుకా ఎండిందే.
నాన్న దిక్సూచిని ఒళ్ళోకి తీసుకున్నాడు,
బాలింత బిడ్డని తీసుకున్నట్టు.
కోటు కప్పాడు.
కుడి జేబులో కత్తి, తెరిచే ఉంచాడు.

తెల్లారేసరికి మూత మర ఒకటి వదులై ఉంది.
ఎవర్నీ ఏమీ అనలేదు.
కత్తిని మాత్రం ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

తూర్పు, తూర్పు అంటూ చుక్కాని పట్టాడు.
పదో రోజు కనబడాల్సిన కొండ
కనబళ్ళేదు.
పన్నెండో రోజు వేరే దీవి,
ఆలుచిప్పలేరుకుంటున్న ఒక ముసలమ్మ,
ఆమె కేక.
బతికి దిగింది ఆరుగురు.
అల్బన్ పోయింది పదకొండో రోజు సాయంత్రం.

ఆ వేసవిలో, లెర్విక్ రేవులో
దిక్సూచులు సరిచేసే పెద్దాయన
దాన్ని బల్లమీద అటూ ఇటూ తిప్పి చూసి
"ఇది సత్తెకాలపుది, దీని తప్పేం లేదు.
ఒళ్ళో పెట్టుకున్నప్పుడు జేబులో ఏముంది?" అన్నాడు.
నాన్న కత్తి తీసి పక్కన పెట్టాడు.
బిళ్ళ మొహం తిప్పుకుంది.
ఏడు డిగ్రీలు.
ఏడు డిగ్రీలంటే ఎన్ని మైళ్ళో,
ఎన్ని మైళ్ళంటే ఎన్ని రోజులో
పెద్దాయన లెక్క కట్టలేదు.
నాన్నే కట్టుకున్నాడు, ముప్పై ఏడేళ్ళు.

పోయేముందు అడిగింది ఒకటే:
పెట్టెకి మేకులొద్దు.
వడ్రంగి మాన్సీ గొణుక్కుంటూనే
చెక్క చీలలు చెక్కాడు.
భుజాల మీద ఎత్తుకుని
కిటికీ పక్కనుంచి తీసుకెళ్తుంటే
అందరూ పెట్టె వైపు చూశారు.
నేను గూట్లోకి చూశాను.

బిళ్ళ కదల్లేదు.
బుడగ మాత్రం, అడుగుల అదురుకి కాబోలు,
ఒకసారి వణికి
ఆగింది.