తరుగు

ప్రొద్దుటూరులో బంగారం అంగట్లో
పద్నాలుగేండ్లుగా నా మెడ పని చేస్తా ఉండాది.
కాసులపేరు, కంటె, అడ్డిక, మామిడిపిందెల హారం,
ఏదైనా ముందు నా మీదికే వచ్చేది.
"యాదీ, ఒకసారి పెట్టుకో మ్మే" అనేవాళ్లు.
నేను గొంతు పైకెత్తేదాన్ని.
వాళ్ల కండ్లు మెరిసేవి.
అవి నన్ను చూసినాయని ఎప్పుడూ అనుకోలేదు.

మొన్న ఉగాది దాటినాక శెట్టిగారు
గురిగింజ తూచినంత మెల్లగా అన్నాడు:
"వేణమ్మా, అడ్డిక కనపడ్డం లేదు."
అద్దంలో చూసినా. నిజమే.
గడ్డం కింద ఇంకో గడ్డం కూర్చొని
రాళ్ల వరస సగం మింగేసింది.

మరుసటి దినం నుంచి వెండి కౌంటరు.
పట్టీలు, మెట్టెలు, మొలతాళ్లు.
పొద్దస్తమానం తల వంచుకొని
పరాయి కాళ్లు చూడ్డమే.
వంచేకొద్దీ అది రెండు కాదు, మూడైతాది.
ఈ సంగతి ఎవరితో చెప్పుకోవాల?

కడపలో మేడ మీద క్లినిక్కు.
బెంగుళూరు డాక్టరమ్మ
రెండో ఆదివారం వస్తాదంట.
ఏడువందలు కట్టి కూర్చున్నా.
ఆమె రెండు వేళ్లతో గడ్డం కింద పట్టి,
వదిలి, మళ్లీ పట్టి చూసింది.
పాత నగ మార్చేవాళ్లు వస్తే
నేనూ అట్లనే చూస్తా.

"కోత లేదు. సూదులే. కొవ్వు కరుగుతుంది."
సీసా పద్దెనిమిది వేలు.
సారికి రెండు సీసాలు.
నెలకొకసారి, నాలుగు నెలలు.
నోటి లెక్క నాకు అలవాటే:
లక్షా నలభై నాలుగు వేలు.
నా జీతం పదకొండు నెలలు, పైన ఒక వెయ్యి.

"సీసాలో ఎంతుంటాది మేడం?"
"రెండు ఎమ్మెల్."
మా పాప దగ్గుమందు మూతలో పోస్తే
అడుగు కూడా సరిగ్గా నిండదు.

అలవాటు చొప్పున అడిగేసినా,
"మజూరీ కలిపేనా, విడిగానా?"
ఆమె నవ్వలేదు.
తరుగెంత అని కూడా నాలిక కొస దాకా వచ్చింది.
మా అంగట్లో తరుగంటే
కనపడని బంగారానికి కనపడే డబ్బు.
ఇక్కడ తరిగేది నేనే, కట్టేదీ నేనే.

"వాపు వారముంటుంది. భయపడొద్దు."
నాలుగు వాపులు, నాలుగు వారాలు, జీతం లేని సెలవు.
అది చీటీలో రాయలేదు.
బస్సు ఛార్జీ రాయలేదు.
"ఎందుకిప్పుడు?" అని ఒక్క మాటని
మా ఇంటాయన ఊరుకుంటాడే,
ఆ ఊరుకోవడం ఖరీదు రాయలేదు.
కొందరికి ఆరుసార్లు కూడా పట్టొచ్చని మాత్రం
అడుగున చీమల్లాంటి అక్షరాల్లో ఉండాది.

తిరుగు బస్సు ఎర్రగుంట్లలో ఆగింది.
కిటికీ అద్దం మీద సిమెంటు దుమ్ము,
దాని వెనక మా జేజి ఓబులమ్మ.
శనక్కాయలు ఒలుస్తా ఒలుస్తా
గడ్డం గుండెకానించి నిద్రపోయేది.
ఆమె పోయినప్పుడు
కమ్మలు పెద్దత్తకు, కడియం చిన్నత్తకు.
నాకేం రాలేదని అమ్మ ఏడ్చింది.
ఏం రాలేదనే అనుకుంటిమి అప్పుడు.

నిన్న జమ్మలమడుగు దిక్కు నుంచి ఒకామె,
అరవై దాటినట్టుంది,
పత్తి డబ్బు కొంగున ముడేసుకొని వచ్చింది.
కంటె కావాలంట, తనకే.
కొత్త పిల్ల షబ్రీన్ పెట్టుకొని చూపించింది.
ఆమె చూసి చూసి,
"ఈ పిల్ల మెడకు పగ్గం కట్టినా బాగుంటాది.
నా మాదిరి మెడ లేదా మీ అంగట్లో?"
అంగడంతా నా వైపు తిరిగింది.

నలభై రెండు గ్రాములు. బేరం కూడా ఆడలేదు.
శెట్టిగారు కాఫీ తెప్పించినాడు, మాటేమీ అనలేదు.
ఈ పొద్దు మళ్లీ మెట్టెలే.

రాత్రి షట్టరు సగం దించినాక
పర్సులోంచి ఆ చీటీ తీసి కాటా మీద పెట్టినా.
రెండున్నర గ్రాములకు పది మిల్లీ తక్కువ.
నా ఊపిరికే అంకె వణికింది.
గొంతు బిగబట్టి నిలబడినా,
అది నిలిచేదాకా.