పదకొండు బిందెలు

చంద్రగిరి కోటకాడ బడిపిల్లోళ్ల కోసరం
రాజుగారి కతని సినిమా మాదిరి తీస్తా ఉండారంటే
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మూసేసిన నెలలో
నేనూ పొయ్యినాను.
రోజుకు నాన్నూరు, మద్యాన్నం పులుసన్నం పొట్లం.

కాగితంలో నా పేరు:
నీళ్లు మోసే ఆడది, మూడు.

పొద్దున్నే ఒకమ్మి వొచ్చి
రైకకున్న పిన్నీసు పీకింది,
ప్లాస్టిక్ గాజులు తీపిచ్చింది,
"అప్పట్లో ఇవి లేవక్కా" అనింది.
మూటిప్పి సంగట్లోకి శెనక్కాయల ఊరిబిండి పెట్టుకుంటే
దాన్నీ కెమెరాకు కనపడకుండా జరిపింది.
శెనక్కాయ అప్పటికింకా మన సీమకు రాలేదంట.
మిరపకాయ కూడా అంతేనంట.
మిరపకాయ లేని సీమను
శానాసేపు తలుచుకుంటా కూచున్నాను.
కోపమొచ్చినప్పుడు ఆ కాలం ఆడది
రోట్లో ఏమేసి నూరిందో.

రాజు ఎవురనుకున్నావు?
పుత్తూరు బస్సు కండక్టరు చెంగల్రాయుడు.
మీసం బాగుండాదని పట్టకొచ్చినారు.
కిరీటం పెట్టంగానే మాకే కొత్తోడైపోయినాడు,
గుర్రం మొరాయిస్తే మటుకు
"రైట్, రైట్" అని దాని డొక్క తట్టినాడు.
సైన్యమంతా పకపకా నవ్వి ఆ షాటు పాయె.

నాది ఒకటే పని.
బిందె నెత్తినబెట్టుకోని మెట్లెక్కాల,
రాజు ఎదురొస్తే పక్కకు తగ్గి
సంతోషంగా చూడాల.
వొట్టి బిందైతే నడకలో తెలిసిపోతాదని
నిండా నీళ్లు పోసినారు.
"సంతోషం చాల్లేదమ్మా" అన్నాడు డైరెక్టరు.
మళ్లా ఎక్కినాను.
"ఇంకొంచెం."
ఆరోసారికి మెడనరం పట్టేసింది.
పదకొండోసారి, ఇంగ దించేదే గదా అని
నవ్వొచ్చింది.
"ఆ, అదే!" అని చప్పట్లు కొట్టినాడు.

టీ తాగతా అడిగినాను:
"సారూ, రాజు ఎప్పుడు లేచేది, ఏ కత్తి పట్టేది
అంతా మీ బుక్కులో ఉండాది గదా,
ఈ ఆడది నీళ్లు ఎవురింటికి మోస్తా ఉండాదో
రాసుండారా?"
ఆయన బుక్కు తిప్పినాడు.
పాపం, నిజంగానే తిప్పినాడు.
మూసి, నాకింకో టీ చెప్పినాడు.

కార్తీకంలో మా పాప బళ్లో ఏసినారు ఆ సినిమా.
గొంతెవురిదో, గంట మాదిరి మోగతా ఉండాదంట:
"వారి ఏలుబడిలో ప్రజలు సుఖసంతోషాలతో వర్ధిల్లిరి."
ఆ మాటకు బొమ్మ నేనే.
రెండు సెకన్లు. హిమజ లెక్కబెట్టింది.

పరీక్షలో అడిగినారు,
రాజుగారి కాలమున ప్రజల జీవనమును వివరింపుము.
హిమజ రాసింది:
"మెడ నొప్పి. కొబ్బరినూనె వేడిజేసి నేనే రుద్దినాను."
ఐదుకు అర మార్కు.
వాక్యం కింద ఎర్రింకు గీత.
తప్పని గీసిందో, నచ్చి గీసిందో
ఆ టీచరమ్మను అడగమంటే అడగదు.

మొన్న పుత్తూరు బస్సెక్కినాను.
కాలు పెట్టను సందు లేదు, నెత్తిన బియ్యం మూట.
చెంగల్రాయుడు టికెట్లు కొడతా కొడతా
నన్ను చూసి
పక్కకు తగ్గినాడు.