నాలుగో గడి, అయిదో గడి

తోంగ్‌యంగ్ రేవుకి పైన, గుట్ట మీద, విలుకాళ్ల మండపం.
ఇక్కణ్ణించి గురిపలకకి నూటనలభై అయిదు మీటర్లు.
తగిలిన సంగతి ముందు కంటికి తెలుస్తుంది,
అర సెకను ఆగి చెవికి.
ఆ అర సెకనూ అందరూ ఊపిరి బిగబడతారు.

నెల రోజులుగా నా శనివారాలన్నీ ఇక్కడే.
మొదటి నమూనాలో బొత్తాలు అందంగా ఉండేవి,
బియ్యపు గింజలంత.
ఎడమ చేతిలో విల్లు,
కుడి బొటనవేలికి కొమ్ము ఉంగరం.
"మరి దీన్ని ముక్కుతో నొక్కమంటావా?"
అన్నాడు ప్యో సాంగ్‌బమ్, నవ్వకుండా.

అందుకని ఫోను తాక్ జమ్‌సున్ చేతికే ఇచ్చాను,
ఇన్నాళ్లూ పద్దు రాసింది ఆమే కనక.
ముప్పై ఏళ్లు ఆల్చిప్పలు ఒలిచి
కాయలు కాచి ఎండిపోయిన వేళ్లు.
తెర ఆమె వేలిని వేలని నమ్మదు.
కణుపుతో నొక్కితే నమ్మింది.
సరే, కణుపంత బొత్తాలు రెండు:
తగిలితే ఎర్రది, తప్పితే నల్లది.
వలయాలు లేవిక్కడ. పదీ తొమ్మిదీ ఎనిమిదీ లేవు.
పలక అంచున తగిలినా ఒకటే, నడిబొడ్డున తగిలినా ఒకటే.
ఒకటి, సున్న.
ఇంతోటి లెక్కకి యాప్ ఎందుకని ఆఫీసులో నవ్వారు.
రాత్రికి రాత్రి రాసేశాను.

అక్టోబరు పోటీలో
ప్యో మొదటి బాణం టక్కుమంది.
రెండోదీ అంతే.
మూడోది తగిలాక కూడా
చాలాసేపు విల్లు దించలేదు.
మోచెయ్యి వణుకుతోంది,
పడవ లాగుతున్న మోకులా.
తర్వాత గురిపలకకి తలవంచి
వెనక్కొచ్చి కూర్చున్నాడు.
ఎవరూ ఏమీ అడగలేదు. ఇక్కడ అడగరు.

సాయంత్రం ఫలితాలు తెర మీద వెలిగాయి.
ప్యో సాంగ్‌బమ్: తగిలినవి మూడు, తప్పినవి రెండు.
కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి చదివాడు.
కిందికి దించి మళ్లీ చదివాడు.
నడుం పట్టీలోంచి రెండు బాణాలు తీసి
బల్ల మీద, నా ఫోను పక్కన పెట్టాడు.
వెదురు బాణాలు, అడవికోడి ఈకలు,
ఒకదాని మీద తన పేరు సగం చెరిగిపోయి.
"ఇవి ఎప్పుడు తప్పాయి?"

జవాబు నా దగ్గరుంది, పైకి చెప్పుకోలేనిది.
ఖాళీ కనిపిస్తే సున్నతో నింపెయ్యమని
నేనే రాశాను, ఒక్క పంక్తిలో,
రాత్రి రెండింటికి, కూడిక ఎక్కడా ఆగకూడదని.

జమ్‌సున్ తన పద్దు పుస్తకం తెరిచింది.
ఆమె లెక్కలో సున్న చుట్టేది తగిలినదానికి.
తప్పితే అడ్డగీత.
అక్కడక్కడ ఏదీ లేదు, ఉత్త తెల్ల కాగితం.
పక్కన పెన్సిలుతో:
పొగమంచు.
కొంగ దిగింది.
కోడలికి నొప్పులని ఫోనొచ్చింది.
చాలాచోట్ల పక్కన కూడా ఏమీ లేదు.
"ఎందుకని అడగలేదా?" అన్నాను.
"అడిగితే మిగతా బాణాలు వేసేవాళ్లు, మొహమాటానికి" అంది.

మళ్లీ రాత్రి రెండయింది.
ఆ పంక్తి కొట్టేశాను.
ఏం పెట్టాలో తోచక కూర్చుంటే
చిన్నప్పుడు తాతయ్య పుస్తకాల్లో చూసిన అరసున్న గుర్తొచ్చింది.
పలకదు. అయినా అచ్చులో తన చోటు వదులుకోదు.
దానికి బొత్తాం పెట్టలేదు.
నొక్కకపోవడమే దాని గుర్తు.
కూడికకి మాత్రం కొత్తగా నేర్పాల్సొచ్చింది:
ఈ గడి దగ్గర ఏమీ కలపకు, ఏమీ తియ్యకు,
తలుపు చప్పుడు కాకుండా దాటి వెళ్లు.

శనివారం వాన. పోటీ లేదు.
మండపం చూరు కింద నిలబడి ఫోను చూపించాను.
వేసినవి మూడు, తగిలినవి మూడు.
పక్కన రెండు గడులు, కాగితంలా.
ప్యో చాలాసేపు చూశాడు.
బల్ల మీద వారం నుంచీ అలాగే ఉన్న బాణాలు రెండూ
నడుముకి దోపుకున్నాడు.
"బొత్తాలు ఇంకా చిన్నవే" అన్నాడు.