రెండో గేరు

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద నా షెడ్డు.
ముప్పై రెండేండ్లు
కొండల్ని నేను బ్రేకు ప్యాడ్లల్లనే చూసిన.
గోరంత మందం మిగిలితే శ్రీశైలం,
ఒకవైపే అరిగితే అనంతగిరి,
కాలిన వాసనొస్తే
ఎవడో కొత్త పెండ్లికొడుకు
పెట్రోలు మిగులుతదని
న్యూట్రల్ల దిగిండన్నట్టు.

తెల్ల మారుతి వసుంధర మేడంది.
రిటైరైన బాటనీ లెక్చరరు,
డిక్కీ నిండ పాత పేపర్లు, పేపర్ల నడుమ ఎండిన ఆకులు.
"నువ్వేసిన బ్రేకు మీద నీకు నమ్మకముంటే
ఎక్కు గాలయ్యా" అన్నది.
ఏం జెప్త?
కిరోసిన్‌తోని చేతులు కడుక్కున్న.
మణెమ్మ సద్దిగిన్నె ఒళ్లె పెట్టుకొని
వెనక సీట్ల కూసుంది.

తుక్కుగూడ దాటినా పట్నం మమ్మల్ని ఇడువలే.
ప్లాట్ల రాళ్లు, సున్నపు గీతలు,
ఫ్లెక్సీల మీద ఏజెంట్ల పండ్లు
కడ్తాల్ దాక ఎంటొచ్చినయ్.
ఆమనగల్లుల చాయ్.
డిండి కాడ కొంగలు.
"నీళ్లు చూడు" అన్నది మణెమ్మ.
నేను ఎడమ ముందు చక్రాన్ని వింటున్న.

మన్ననూరు చెక్‌పోస్టు దాటంగనే
ఎండ రంగు మారింది.
మేడం బండి మెల్లగ చేసి
నల్లమద్ది, ఏగిస, తునికి, సోమి
అని హాజరు పిలుస్తది.
పలికేది గాలొక్కటే.
మలుపు మలుపుకు
పెడల్ లేనికాడ నా కుడికాలు
ఉత్త రేకును తొక్కుతది.

దోమలపెంట. తర్వాత ఈగలపెంట.
తమ ఊర్లకు ఇంత నిజాయితీగ
పేర్లు పెట్టుకున్నోళ్లను నేనెక్కడ చూడలే.
చాయ్ కొట్టామె అడిగింది, ఏం పని చేస్తవని.
బ్రేకులేస్త అన్న.
"అందరు దేవుని కాడికి ఉరికేటోళ్లే,
ఆపేటోడు ఇయ్యాల్నే వచ్చిండు" అని నవ్వింది.
పైసలు మాత్రం లెక్కబెట్టి తీసుకుంది.

ఆడికెల్లి దిగుడు.
మేడం రెండో గేరేసి
కాలు పెడల్ మీదికెల్లి తీసి పక్కకు పెట్టింది.
బండిని బండే పట్టుకున్నది,
ముసలెద్దు ఏరు దిగినట్టు.
వంపు మీద వంపు.
లారీ ఒకటి హారన్ కొట్టుకుంట పోయింది.
ఆమె కాలు కదలలే.
ముప్పై రెండేండ్ల నా పని
అక్కరే పడకుండ కొండ దిగుతున్నది.

అప్పుడు తలెత్తిన.
కింద ఎక్కడో కృష్ణ.
మరిగిన పాలు కిందికి దిగినంక
గిన్నెకు మిగిలే చార లెక్క
బండల చుట్టు తెల్లటి గీత.
ఆ గీత దాక నీళ్లుండెనంట మొన్నటి వానలకు.
మణెమ్మ సద్దిగిన్నె మూత తీసింది,
చింతకాయ తొక్కు వాసన.
"ఇప్పుడన్న కనవడ్డదా?"
డిండి కాడ నుంచి అడుగుతున్నదే ఆ మాట.

తెల్లారి షెడ్డుల
ఒక పిలగాడు అరిగిన ప్యాడ్లతో వచ్చిండు.
శ్రీశైలం పోయినమన్నా అన్నడు.
తెలుసు, అన్న.
కొత్తవి బిగించి పైసలు తీసుకునేటప్పుడు
రెండో గేరు సంగతి జెప్పిన,
చెయ్యి ఊపుకుంట, వంపులతో సహా.
ఖలీల్ పానా కింద పెట్టి
నా మొకం చూసిండు:
"ఉస్తాద్, దుకాణ్ బంద్ కర్తే క్యా?"