రెండు ముడుల తాడు

రావులపాలెం షోరూమ్‌కి
చేతిసంచిలో కొబ్బరితాడు పెట్టుకుని వెళ్లాను.
దానికి రెండు ముడులు.
ఈ ముడి నించి ఆ ముడి దాకా
మా బోదె మీద బల్ల వెడల్పు.

కుర్రాడి పేరు ఫణీంద్ర. ఇస్త్రీ చొక్కా.
"కూర్చోండి మేడమ్, సార్ వస్తున్నారా?"
సారుకి గేదెల పనుంది, నడిపేది నేనే అన్నాను.
గ్లాసుడు మంచినీళ్లు తాగి
గుర్రాల లెక్క మొదలెట్టాడు:
నలభై రెండు, నలభై ఏడు, యాభై.

నాకున్నది పదిహేడు కుంచాలు బాబూ.
ఎనిమిది కొబ్బరితోట, దాని నీడన కోకో.
తొమ్మిది వరిచేను, సార్వాకీ దాళ్వాకీ దమ్ము.
నువ్వు చెప్పిన గుర్రాలన్నీ తోలుకొస్తే
నిలబెట్టడానికే చేను చాలదు.

అద్దె బండి సంగతి అతనికేం తెలుసు.
రాజుగారి పెద్ద బండి అందరి చేలూ తిరిగి
మా వంతుకొచ్చేసరికి అర్ధరాత్రి.
పోయిన సార్వాకి నారు ముదిరి కణుపులేసింది.
వానలో గొడుగేసుకుని నేను గట్టు మీద,
మూల తిరగలేక బండి
సరిహద్దు గట్టుని కోసుకుపోయింది.
పక్కచేను మంగతాయారు
వారం రోజులు నాతో పలకలేదు.

అందుకే తాడు తీశాను.
గచ్చు మీద మోకాళ్లేసి
ఈ చక్రం అంచు నించి ఆ చక్రం అంచుకి.
టీ పట్టుకొచ్చిన పిల్లాడు కూడా ఆగి చూశాడు.
ఎర్రది కాదు. నీలంది జానెడు ఎక్కువ.
మూల, బ్యానర్ల వెనక, దుమ్ము కొట్టుకుని ఒకటి,
ఇరవైనాలుగు గుర్రాలది,
ముడి దాటకుండా ఆగింది.
అటు రెండు వేళ్లు, ఇటు రెండు వేళ్లు సందు.

"అది ద్రాక్షతోటల వాళ్లకి మేడమ్."
ఆ మాట మా ఒండ్రుమట్టికి చెప్పకు అన్నాను.

మెకానిక్ కాసులు బాబాయి ముందే చెప్పాడు:
నాలుగు చక్రాలూ లాగేదే తీసుకోవే,
రెండు లాగేది మన బురదలో గేదెలా కూలబడతాది.
ముందు ఇరుసు సీళ్లు చూసుకో,
నీళ్లు దూరితే గేర్లు పిండైపోతాయ్.
రోటావేటర్ నాలుగడుగులది చాలు,
ఐదడుగులది అంటగడతారు, ఒప్పుకోకు.
పొగగొట్టం పైకుంటే కోకో కొమ్మలు మాడతాయ్,
కిందికి తిప్పించు.

అన్నీ తిప్పించాను.
పైకప్పు వద్దన్నాను, కొమ్మలకి తగులుద్ది.
మరి కొబ్బరికాయ పడితే అన్నాడు ఫణీంద్ర.
స్కూటరమ్మేసినా మా ఆయన హెల్మెట్టుందన్నాను.
ట్రాలీ దగ్గర డబ్బులాగిపోయాయి. నేనూ ఆగిపోయాను.

ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటుంటే గుర్తొచ్చింది.
దమ్ము చక్రాలు.
ఆ ఇనప చక్రాలు తగిలిస్తే
బండి బల్ల మీద పట్టదు.
తాడు చెప్పలేదు. నేనూ దాన్నడగలేదు.
కలిపిన ముద్ద కంచంలోనే ఉంది.

తెల్లారి పేడచేతుల్తో వచ్చి మా ఆయన
"చక్రాల్ని మొయ్యడమేంటే, దొర్లించుకుపోదాం" అన్నాడు.

ముందు బండి దాటించాను.
కింద బోదెనీళ్లు, పైన నేను,
నాలుగు వేళ్ల సందులో నా ప్రాణం.
వెనకాల ఆయనొక చక్రం దొర్లించుకుంటూ.
రెండోది ఎవరు తెస్తారా అని తిరిగి చూస్తే
చీర ఎగదోపుకుని మంగతాయారు,
"ఎటు తిప్పాలే దీన్ని?" అని అరుస్తోంది.

అవతలి ఒడ్డున బోల్టులు బిగించాం.
తాడుతో దూడని కట్టేశాం, ముడులు విప్పలేదు.
హెల్మెట్టు వదులు, కళ్ల మీదికి జారుతోంది.
నీళ్లు నిండిన చేలో మొదటి చుట్టు.
మూల దగ్గరికొస్తున్నాను.

సరిహద్దు గట్టు మీద మంగతాయారు
రెండు చేతులూ నడుమున పెట్టుకుని
తిరుగుతానో లేదో చూస్తోంది.